నాటుగడ్డి ఉన్న బీడులో నిర్మాణానికి దిగే ముందు చేయవలసిన పనులు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో బీడు భూమి తీసుకొని లేఅవుట్ వేయాలనో, సౌర ఫలకాలు పరచాలనో, గోదాము కట్టాలనో అనుకునేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "ఇక్కడున్న కసువును దున్నేస్తే కేసు అవుతుందా?" ప్రశ్న సూటిగానే ఉన్నా జవాబు అంత సూటిగా ఉండదు. మన చట్టాలు గడ్డిని పేరు పెట్టి కాపాడవు. అది మొలిచిన నేలను బట్టి, అందులో బతికే జీవిని బట్టి దానికి రక్షణ కలుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొక్కల పట్టికలో మొదట చేర్చిన ఆరు రకాల్లో గడ్డిజాతి మొక్క ఒక్కటి కూడా లేదు. అందుచేత "రక్షిత గడ్డి" అని రాసిన జాబితా కోసం వెతకడం మానేసి, కాగితాల్లో ఆ నేల ఏమిటో, ఆ నేల మీద నిజంగా ఏముందో వేరువేరుగా తేల్చుకోవాలి. ఈ రెండూ తేలిన తరువాత ఎక్కడ కట్టాలి, ఎక్కడ వదలాలి, ఎప్పుడు యంత్రం దించాలి అన్నవి నిర్ణయించడం కష్టం కాదు.

ముందుగా కాగితాలు

గ్రామ సచివాలయంలోనో తహసీల్దారు కార్యాలయంలోనో అడంగల్, 1బి చూసుకోవడం అందరూ చేసేదే. బీడు భూముల విషయంలో అది చాలదు. భూముల వర్గీకరణ రాసిన పాత రీసెటిల్మెంటు రిజిస్టరులో ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఏమని రాసి ఉందో తప్పక చూడాలి. మేత పోరంబోకు, వాగు పోరంబోకు, కొండ పోరంబోకు, అంచనా వేయని బంజరు వంటి మాట ఏది కనిపించినా అక్కడితో ఆగి ఆరా తీయాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉన్నదీ లేనిదీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తెలుస్తుంది. మేత పోరంబోకు ఊరందరి ఉమ్మడి భూమి. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వాటిని గ్రామాలకే అప్పగించాలని రాష్ట్రాలను ఆదేశించింది కాబట్టి, ఎవరో పట్టా చూపించారన్న ధైర్యంతో అలాంటి నేలలో పెట్టుబడి పెట్టడం తెలివైన పని కాదు.

తరువాత చూడవలసింది అటవీ సరిహద్దు. రిజర్వు ఫారెస్టు భూమిని అటవీయేతర పనికి వాడాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదం కావాలి. 2023 సవరణతో ఆ చట్టం పేరు మారినా ఆ షరతు అలాగే ఉంది. పటం మీద గీత ఒకచోట, నేల మీద అటవీ శాఖ రాయి మరొకచోట ఉండడం గుట్టల అంచున మామూలే కాబట్టి, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకొని గ్రామ సర్వేయరుతో కలిసి ఆ రాళ్ల వెంట ఒకసారి నడవడం మంచిది. అభయారణ్యాల సమీపంలో భూమి తీసుకునేవారు, వాటి చుట్టూ ప్రకటించిన పర్యావరణ సున్నిత మండలం ఎంతవరకు వస్తుందో జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నోటిమాట జవాబుతో తృప్తిపడవద్దు.

పర్యావరణ అనుమతి విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే కట్టడాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. 50 హెక్టార్లు, ఆపైన ఉండే టౌన్‌షిప్పులకు కూడా అంతే. సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టులు ఆ పరిధిలోకి రావు. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు 2017లో వచ్చినప్పటి నుంచీ మన ప్రాంతంలో బీడు భూములను ఎక్కువగా కోరుతున్నవి ఈ ప్రాజెక్టులే. అంటే అన్నింటికన్నా ఎక్కువ గడ్డినేల మీద పరుచుకునే పనికే, గడ్డిని పరిశీలించమని చెప్పే అనుమతి ప్రక్రియ లేదన్నమాట. అనుమతి అక్కరలేదన్నంత మాత్రాన పరిశీలన అక్కరలేదని కాదు. ఆ నేలలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నింటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోని జంతువు, ఉంటే వన్యప్రాణి చట్టం అనుమతి ఉన్నవారికీ లేనివారికీ ఒకేలా వర్తిస్తుంది.

మరొక కాగితం గురించి ఎవరూ అడగరు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. కొన్ని పంచాయతీల్లో అది నామమాత్రంగానే ఉంటుంది, కొన్నింటిలో మాత్రం ఊరి గడ్డి రకాలు, మేత స్థలాలు, మందుమొక్కలు వివరంగా రాసి ఉంటాయి. పంచాయతీ కార్యదర్శిని అడిగి ఆ రిజిస్టరు చూస్తే ఒక పూటలో తెలిసే సంగతులు, మనంతట మనం వెతికితే ఒక సీజను పడుతుంది.

కాగితం మీద "బంజరు" అన్న ఒక్క మాటతో మోసపోవద్దని ఇక్కడే చెప్పాలి. దేశమంతటికీ తయారయ్యే బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి ఉన్న నేలలను కూడా బంజరు కిందే లెక్కించారు. శిస్తు రాని భూమి పనికిరాని భూమి అన్న రెవెన్యూ లెక్క బ్రిటిష్ కాలం నుంచి వస్తున్నది. చెన్నేకొత్తపల్లి పరిసరాల్లోని కల్పవల్లి గుట్టలను అక్కడి గ్రామస్తులు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 1990ల నుంచి నిప్పు పడకుండా, చెట్టు కొట్టకుండా కాపాడుకొచ్చారు. రికార్డులో అది బంజరే కావడం వల్ల తరువాత అక్కడ గాలిమరలకు భూమి ఇవ్వడానికి కాగితం అడ్డురాలేదు. రికార్డు చెప్పేది భూమి ఎవరిదన్నది మాత్రమే. దాని మీద ఏముందన్నది చెప్పగలిగింది కాళ్లతో నడిచి చూసినవాడే.

ఎప్పుడు చూడాలి

ఈ మొత్తం పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. భూమి బేరాలు మన దగ్గర సాధారణంగా సంక్రాంతి తరువాత మొదలై మే నెలలో ముగుస్తాయి. అప్పుడు బీడులో కనిపించేది ఎండిన పొదళ్లు, రాళ్లు, సర్కారు తుమ్మ. కొన్నేళ్ల కిందట నేనే అనంతపురం దక్షిణాన ఒక గుట్ట వాలును మే నెలలో చూసి "చెప్పుకోదగ్గ గడ్డి ఏమీ లేదు" అని నా పుస్తకంలో రాసుకున్నాను. అదే వాలుకు అక్టోబరు చివర మళ్లీ వెళ్తే మోకాలి ఎత్తున, గాలికి వెండిలా మెరుస్తూ గడ్డి నిలబడి ఉంది. మేలో నేను చూసిన ఎండు దుబ్బులే అవి. నాటుగడ్డిలో చాలా రకాలు బహువార్షికాలు కాబట్టి పైన ఎండినా వేరు, దుబ్బు మొదలు బతికే ఉంటాయి. ఆ మాట నాకు పాఠంగా తెలుసు, అయినా కంటికి కనబడక రాసేశాను.

కాబట్టి ఏడాదికి కనీసం రెండుసార్లు చూడాలి. తొలకరి తరువాత మూడు నాలుగు వారాలకు, అంటే జూలై చివర నుంచి ఆగస్టులో ఒకసారి చూస్తే దుబ్బులు ఎక్కడెక్కడ చిగురిస్తున్నాయో, వాటి మధ్య ఖాళీ ఎంతో తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండోసారి చూస్తే కంకి వేసి ఉంటుంది, కంకి లేకుండా గడ్డిని కచ్చితంగా గుర్తించడం వృక్షశాస్త్రజ్ఞులకు సైతం కష్టం. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అది కూడా ఒక్కో ఏడు ముఖం చాటేస్తుంది. వాన తప్పిన ఏడు చేసిన పరిశీలనను ఆధారంగా తీసుకొని "గడ్డి లేదు" అని తేల్చకూడదు. బేరం తొందరలో ఉన్నవారు ఒప్పందంలో కనీసం ఒక వానాకాలం గడువు రాయించుకోవడం మేలు.

ఎలా చూడాలి

మొదటి రోజు కొలతబద్ద, కెమెరా పక్కన పెట్టి, ఆ బీడులో మంద తోలే కాపరిని వెంటబెట్టుకొని నడవండి. ఏ వాలులో గొర్రెలు ముందు మేస్తాయి, ఏ గడ్డి ముదిరితే మీసం బొచ్చులో దిగి తోలుకు గుచ్చుకుంటుంది, ఎక్కడి కసువు వేసవి దాకా నిలుస్తుంది, ఎన్నేళ్ల కిందట ఎవరు ఏ ముక్క దున్నారు అన్నవి ఆయన చెప్పినంత వివరంగా మరెవరూ చెప్పలేరు. ఆయన చెప్పే పేర్లు అలాగే రాసుకోండి. గడ్డి పేర్లు ఊరికీ ఊరికీ మారుతాయి, ఒకే పేరు రెండు గడ్డులకు ఉండడమూ కద్దు. అందుకని పేరు పక్కనే నమూనా కూడా ఉంచాలి: వేరుతో సహా ఒక పొద తీసి, మన్ను దులిపి, కంకి విరగకుండా పాత దినపత్రికల మధ్య పరచి బరువు పెట్టి ఆరనిచ్చి, తేదీ, సర్వే నంబరు, నేల రంగు, కాపరి చెప్పిన పేరు చీటీ మీద రాసి అంటించాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ వృక్షశాస్త్ర శాఖలు ఉన్నాయి. హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇలా ఆరబెట్టిన నమూనా చూపితే వారు చెప్పగలుగుతారు. ఫోనులో తీసిన పచ్చటి ఫొటో పంపితే చాలాసార్లు చెప్పలేరు.

రెండోరోజు కొలత. ఒక్కో మీటరు పొడవున్న నాలుగు కర్రలతో చదరం కట్టుకోండి. స్థలాన్ని ముందుగా నేలను బట్టి విడగొట్టాలి: ఎర్ర గరుసు వాలు ఒకటి, నల్లరేగడి పల్లం ఒకటి, వంక గట్టు ఒకటి, పాత చేను ఒకటి. ఒక్కో భాగంలో పదిహేను, ఇరవై చోట్ల చదరం పరచి, అందులో ఏయే గడ్డి ఉంది, దుబ్బులు ఎన్ని, బోసినేల ఎంత, కలుపు ఎంత అన్నది రాయాలి. చదరం ఎక్కడ పరచాలన్నది మనసుకు వదిలేస్తే చెయ్యి తనంతట తానే పచ్చగా ఉన్న చోటికి పోతుంది కాబట్టి, ఒక సూటి గీత వెంట ఇరవై అడుగులకు ఒకటి చొప్పున పరచుకుంటూ పోవడం ఉత్తమం. ఒక్కో భాగంలో రెండు మూడు చోట్ల రాయి పాతి సున్నం పూసి, అక్కడి నుంచి ఒకే దిక్కుకు ఫొటో తీసి, జీపీఎస్ అంకెలు రాసిపెట్టుకోండి. ఆ రాళ్లు మళ్లీ అవసరమవుతాయి.

ఏ గడ్డి ఏమి చెబుతుంది

దక్షిణ పీఠభూమి గడ్డినేలలను శాస్త్రజ్ఞులు సెహిమా, డైకాంథియం గడ్డుల పేరుతో ఒక వర్గంగా చూస్తారు. మన మూడు జిల్లాలూ అందులోవే. సెహిమా నెర్వోసం ఎర్ర గరుసు నేలల్లో, గుట్ట వాలుల్లో దుబ్బులుగా పెరుగుతుంది. ఒక్కో కాడకు ఒకే వెన్ను, దూరం నుంచి చూస్తే లేత తెలుపు. క్రైసోపోగాన్ ఫుల్వస్ కంకికి బంగారు ఛాయ రోమాలుంటాయి, సాయంత్రం ఎండలో అది రాగిలా కనిపిస్తుంది. డైకాంథియం నల్లరేగడిలో ఎక్కువ. కణుపు చుట్టూ తెల్లటి రోమాల వలయం, కాడ చివర వేళ్లలా విచ్చుకున్న ఊదారంగు వెన్నులు దాని గుర్తులు. అదే నల్లనేలల్లో పశువులు ఇష్టంగా మేసే చెంగలి గడ్డి కూడా ఉంటుంది. ఈ నాలుగింటిలో రెండు దట్టంగా కనబడ్డాయంటే ఆ నేల ఎన్నో ఏళ్లుగా నాగలి ఎరగనిదని, మితంగానే మేసినదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. ఇలాంటి ముక్కే మీ స్థలంలో అన్నింటికన్నా విలువైనది.

హెటెరోపోగాన్ కంటోర్టస్ అందరికీ తెలిసినదే, పేరు తెలియకపోయినా పంచెకూ లంగాకూ గుచ్చుకున్న గుర్తు ఉంటుంది. నల్లటి పొడుగు మీసాలు ఒకదానికొకటి పెనవేసుకొని ఉంటాయి. తడి తగిలితే మీసం తిరిగి గింజను మన్నులోకి తొలుచుకుపోయేలా చేస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఇది మంచి మేత, ముదిరితే గొర్రెలకు బాధ. ఇది ఎక్కువగా ఉందంటే మేత ఒత్తిడో, నిప్పో తరచుగా తగిలిన నేల అనుకోవాలి, అయినా అది చెడిన నేల కాదు. మూడు కొమ్మల మీసంతో ఉండే ఆరిస్టిడా రకాలు, అంటే చీపుర్లు కట్టే గడ్డీ దాని చుట్టాలూ పరుచుకున్నాయంటే మేత మితిమీరి పైమన్ను కొంత పోయిందని అర్థం. వాటి తరువాత మిగిలేది వయ్యారిభామే. రుద్దితే నిమ్మవాసన వచ్చే కామంచి గడ్డి, ఇళ్ల కప్పుకు వాడిన బోద, గట్ల మీది దర్భ, వంకల వెంట రెల్లు, వట్టివేరు ఇవన్నీ కూడా నమోదు చేయండి. గరిక ఎక్కడైనా ఉంటుంది. దాన్ని బట్టి ఏమీ తేల్చలేము.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ప్రతి పచ్చటి ముక్కనూ కాపాడాలని నేను అనను. మూడేళ్ల కిందటి దాకా వేరుశనగ వేసి వదిలేసిన చేనులో గడ్డి ఎంత ఒత్తుగా ఉన్నా అది ఏకవార్షికాలతో నిండిన పడావు భూమి మాత్రమే. గెనేలు (చేను గట్లు), ఏరి కుప్పవేసిన రాళ్లు, సాళ్ల ఆనవాళ్లు చూస్తే సంగతి తెలిసిపోతుంది. కట్టడం అక్కడికి జరిపి, నాగలి ఎరగని వాలును వదిలిపెట్టడమే ఈ పరిశీలన అంతటికీ అసలు ప్రయోజనం.

గడ్డిలో ఉండేవారు

గడ్డికి చట్టపు అండ తెచ్చేది చాలావరకు అందులో బతికే జీవులే కనుక, వాటిని వేరుగా చూడాలి. కృష్ణజింక, తోడేలు, నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. బట్టమేక పక్షి సరేసరి. దాని కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది, 6.14 చదరపు కిలోమీటర్ల ఆ నేల అప్పుడు కర్నూలు జిల్లా, 2022 తరువాత నంద్యాల జిల్లా. కంచె లోపల గడ్డి నిలిచినా, చుట్టుపక్కల బీళ్లు, జొన్న, కొర్ర వేసే మెట్ట చేలు సాగునీటితో మారిపోవడం ఆ పక్షి అక్కడ కనుమరుగు కావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి. అభయారణ్యానికి వెలుపల, మీ పట్టా భూమిలో ఉన్న గడ్డి ఎందుకు లెక్కలోకి వస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో మళ్లీ దొరికింది కూడా సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర, గడ్డీ ముళ్లపొదలూ బోసినేలా కలిసిన అడవి అంచున, చూసేవారికి "ఏమీ లేదు" అనిపించే నేలలోనే. తరువాత తెలుగుగంగ కాలువ పని దాని ఆవాసం మీదికి వచ్చినప్పుడు కాలువ దారినే మార్చవలసి వచ్చింది. ముందే నడిచి చూసి ఉంటే గీత పటం మీదే మారేది.

మీరు చేయవలసిందల్లా తెల్లవారుజామున, సాయంత్రం నాలుగైదు రోజులు నడిచి, పెంటికలు, అడుగుజాడలు, బొరియలు, నేల మీది గూళ్లు నమోదు చేయడం. కౌజు పిట్టల వంటివి గుడ్లు నేల మీదే, గడ్డి మొదట్లో పెడతాయి. చట్టం "వేట" అన్న మాటకు చెప్పిన అర్థంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. డోజరు నడిపేవాడికి గూడు కనిపించదు కాబట్టి ముందే చూసి గుర్తు జెండా పాతడం తప్ప మార్గం లేదు. మొదటి షెడ్యూలు జీవి ఆనవాలు దొరికితే పని ఆపి అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలపండి. దాచిపెడితే తరువాత ఎవరో తీసిన వీడియో ద్వారా బయటపడుతుంది, అప్పుడు మీ మాట వినేవారుండరు.

నక్షా మార్చడం

లేఅవుట్లలో సాధారణంగా 10 శాతం స్థలం పార్కు కోసం ఖాళీగా వదలాలి. అందరూ చేసేదేమిటంటే ప్లాట్లు కోసుకున్నాక మూలన మిగిలిన వంకర ముక్కను ఆ లెక్కలో చూపించడం. దానికి బదులు మీ చదరాల లెక్కలో మంచి గడ్డి తేలిన ముక్కను ముందు గీసి, ప్లాట్లు దాని చుట్టూ కోయండి. ఆ ముక్క వంకకు ఆనుకొని ఉంటే మరీ మంచిది. ఆపైన అందులో చెట్లు నాటవద్దు. పచ్చదనమంటే చెట్టేనన్న భావన మనలో బాగా నాటుకుపోయింది. గడ్డినేలలో గుంతలు తీసి కానుగ మొక్కలు పెట్టించి, అది చేసిన మేలుగా బోర్డు రాయించిన చోట్లు చూశాను. గుంత తీసినప్పుడు పోయే దుబ్బు, చెట్టు పెరిగాక నీడకు పోయే దుబ్బు కలిపితే ఐదారేళ్లలో గడ్డినేల మిగలదు. చెట్లు రోడ్ల వెంట, ఇళ్ల ముందు నాటండి.

సౌర ప్రాజెక్టులో వెసులుబాటు ఇంకా ఎక్కువ. నేలంతా చదును చేయకుండా వాలు వెంబడి ఇనుప కాళ్లు దిగ్గొట్టుకుంటూ పోవచ్చు. ఫలకం కింది అంచు కాస్త ఎత్తుగా పెడితే దాని కింద గడ్డి పెరగడానికి, గొర్రె మేయడానికి వీలవుతుంది. కలుపుమందు కొట్టి నేలను బోసి చేయడం చవక అనిపిస్తుంది, కానీ వేసవి గాలులకు ఆ బోసినేల మన్నంతా లేచి ఫలకాల మీద పడుతుంది, కడగడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు మన ప్రాంతంలో ఎక్కడివి? గడ్డి ఉంచితే మాత్రం నిప్పు గురించి జాగ్రత్త తప్పదు. గింజ రాలిన తరువాత గడ్డిని జానెడు ఎత్తున మిగిల్చి కోయించి మేతకు ఇచ్చేయాలి. కంచె లోపలి అంచున నాలుగైదు మీటర్ల వెడల్పున గడ్డి లేని దారి ఉంచాలి.

పని జరిగేటప్పుడు

వదిలిన ముక్క చుట్టూ మొదటి లారీ రాకముందే కంచె పడాలి. రంగు తాడు కట్టి సరిపెడితే రెండో వారానికి ఆ తాడు మీదుగా టిప్పరు పోతుంది. యంత్రాలకు ఒకే దారి, కంకరకు ఒకే చోటు, కాంక్రీటు మిల్లరు కడిగే నీటికి ఒకే గుంత నిర్ణయించి, ఆ మూడూ పాత చేను వైపు ఉండేలా చూడండి. వాన పడి నేల మెత్తబడినప్పుడు గడ్డి మీద బండి తోలితే పైన కనిపించే గీతకన్నా లోపల మన్ను గట్టిపడడం ఎక్కువ నష్టం.

కట్టడం పడే చోట పైమన్నును పారేయవద్దు. పది, పదిహేను సెంటీమీటర్ల మందాన పైపొరను ఎండాకాలంలో పొడిగా ఉన్నప్పుడు గీకి, మీటరు ఎత్తు మించకుండా కుప్పలు వేసి, మీద బండ్లు ఎక్కనీయకుండా ఉంచి, వీలైతే ఆ ఏటి తొలకరికే రోడ్డు పక్కల, గట్ల మీద పరచండి. అందులో గింజలున్నాయి, వేరు ముక్కలున్నాయి. బయటి నుంచి తెచ్చిన చెరువు మట్టిలో ఉండేది తుంగా, వయ్యారిభామా. కింది గరుసును, పైమన్నును ఒకే కుప్పలో కలిపితే మాత్రం ఆ శ్రమంతా వృథా.

తప్పించలేని చోటి దుబ్బులను మార్చి నాటవచ్చు. రెండు మంచి వానలు పడిన తరువాత, జూలై, ఆగస్టు నెలల్లో, ఆకును జానెడు ఎత్తుకు కోసి, పదిహేను సెంటీమీటర్ల లోతు వేరుతో గడ్డపారతో లేపి, తడి గోనెలో చుట్టి, అదే రోజు నాటాలి. పెద్ద దుబ్బును మూడు నాలుగు పిలకలుగా చీల్చి అర మీటరు ఎడంగా పెడితే సరిపోతుంది. వంక గట్లు కోసుకుపోతున్న చోట వట్టివేరు పిలకలను వాలుకు అడ్డంగా వరసగా నాటితే గట్టు నిలుస్తుంది. గింజ విషయంలో ఓపిక కావాలి: నవంబరులో కోసిన గింజ వెంటనే చల్లితే చాలా రకాల్లో మొలకెత్తదు, నిద్రావస్థలో ఉంటుంది. నీడన ఆరబెట్టి గుడ్డ సంచిలో ఉంచి, తరువాతి తొలకరికి ఎర్రమన్ను, పేడ కలిపి గోళీలు చేసి చల్లాలి, సెంటీమీటరు కన్నా లోతుకు పోనీయకూడదు. ఎక్కువ మోతాదులో కావలసినవారు ఝాన్సీలోని భారతీయ పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థను గానీ, ధార్వాడలోని దాని ప్రాంతీయ కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు. అంజన్ గడ్డికైతే హెక్టారుకు నాలుగైదు కిలోల విత్తనం చాలు.

ఇంత చెప్పినా, మార్చి నాటితే సరిపోతుందన్న భరోసాతో మంచి వాలును చెరపవద్దు. నాటిన చోట బతికేది మూడు నాలుగు రకాలు. వాలు మీద ఉన్నవి ముప్పై నలభై కావచ్చు, వాటి మధ్య గడ్డలు, పప్పుజాతి తీగలు, చెద పుట్టలు వేరు.

తరువాతి మూడేళ్లు

కంచె వేసి వదిలేస్తే గడ్డి బాగుపడుతుందనుకోవడం పొరపాటు. మేత పూర్తిగా ఆపేస్తే రెండు మూడేళ్లలో ఎండు కసువు పేరుకొని కొత్త పిలకలు రావు, నిప్పుకు మేత అవుతుంది, ఆ సందులో సర్కారు తుమ్మ దిగుతుంది. అంతకాలం అక్కడ మంద తోలినవారితోనే ఒప్పందం చేసుకోండి: జూన్ నుంచి అక్టోబరు దాకా మంద రాకూడదు, నవంబరు, డిసెంబరులో గింజ రాలాక కోసుకుపోవచ్చు, ఆ తరువాత కొద్దిపాటి మంద మేయవచ్చు. ఈ మాట పంచాయతీలో నలుగురి ఎదుట కాగితం మీద రాసుకుంటే మంచిది. దారి మూసేసిన కంచెను ఊరివాళ్లు తెంపుతారు. తమకు కోత హక్కున్న ముక్కలో నిప్పు కనబడితే వాళ్లే ముందు పరుగెత్తుతారు.

సర్కారు తుమ్మను మొలకగా ఉన్నప్పుడే, వాన తడిలో, వేరుతో లాగించాలి. పైన నరికితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వయ్యారిభామను పూత రాకముందే పీకించాలి, అది కూడా చేతికి తొడుగు వేసుకొని. ఈ రెండింటికీ మొదటి మూడు వానాకాలాలూ కూలీల ఖర్చు లెక్కలో ముందే రాసుకోండి.

ఇక సున్నం పూసి పాతిన రాళ్లు. ప్రతి అక్టోబరులో అదే రాయి దగ్గర నిలబడి అదే దిక్కుకు ఫొటో తీసి, అదే గీత వెంట చదరాలు పరచి లెక్క రాయండి. సెహిమా, డైకాంథియం దుబ్బుల సంఖ్య మొదటి ఏటికన్నా తగ్గి ఆరిస్టిడా పెరుగుతుంటే మంద ఎక్కువైందని తెలుసుకొని మరుసటి ఏడు కోతకే పరిమితం చేయండి. దుబ్బులు నిలిచి ఉండి బోసినేల తగ్గుతూ వస్తే అదే పద్ధతి కొనసాగించండి. మూడో ఏడు లెక్క పూర్తయ్యాక ఆ కాగితాల నకలు ఒకటి పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరులో పెట్టించి రసీదు తీసుకోండి.